వాగుకు ఇవతల పడ్డ దుప్పి

పశువుల డాక్టరుగా నా మొదటి ఉద్యోగం ఆదిలాబాద్ జిల్లాలో, అడవిని ఆనుకుని ఉన్న ఒక చిన్న ఊళ్లో. డెబ్బయ్యో దశకం చివరి రోజులు. రెండు గదుల దవాఖాన, ముందర గొడ్లను కట్టి చూసే కర్రల చట్రం, ఒక కాంపౌండరు, ఒక సైకిలు. అంతే నా రాజ్యం. మాది జమ్మికుంట దగ్గర పల్లె. వ్యవసాయం, గొడ్లు, ఆదివారం చర్చి మధ్య పెరిగినవాణ్ని. ఒక్కచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. కానీ ఆ ఏడు చలికాలంలో నన్ను పట్టుకున్న తిరుగుడు వేరు. నా చేత్తో నేను రాసిన రెండు కాగితాలే దానికి కారణం.

మొదటి కాగితం రాసిన రోజు ఫారెస్టు రేంజరు జీపులో వచ్చాడు. కరీంనగర్ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. టేకాకుల్లో చుట్టిన మాంసం, తెల్లమచ్చల తోలుముక్క, సైకిలు బ్రేకు తీగ ఇంకా బిగిసి ఉన్న వెనకకాలు ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టించాడు. అడవి జంతువుల చట్టం వచ్చి అప్పటికి కొన్నేళ్లే. ఆ ప్రాంతంలో దాని కింద కేసులు అప్పుడప్పుడే మొదలయ్యాయి.

"ఏం జంతువో రాసియ్యిన్రి డాక్టర్ సాబ్. మిగతాది మేం చూసుకుంటం."

చూడగానే తెలుస్తూనే ఉంది. దుప్పి అని రాసి సంతకం చేశాను. బయటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే ఆ కేసులో పట్టుకొచ్చిన మనిషి కనిపించాడు. యాభై ఏళ్లుంటాయి. అడవి అంచున ఉన్న గూడెంలో వెదురు బుట్టలు అల్లుకుంటూ, కొద్దిగా జొన్న వేసుకుని బతికే మనిషి. ఇద్దరు గార్డుల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"సారు, అది పందికి పెట్టిన ఉరి," అన్నాడు నాతో. "జొన్న మొత్తం దున్నుతున్నయ్ పందులు. దుప్పి వచ్చి పడ్డది. నేను పిలువలే దాన్ని."

"రేంజరు సారుకు చెప్పు కాకా," అన్నాను. చెప్పినా వినలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆ సాయంత్రమే అతన్ని రిమాండుకు పంపించారని కాంపౌండరు చెప్పాడు.

రెండు వారాలు తిరక్కుండానే ఊళ్లో సుంకరి డప్పు కొట్టి చాటింపు వేశాడు. మిలిటరీ వాళ్లు ఫిరంగులు కాల్చడం నేర్చుకునే పనిమీద వస్తున్నారు, వాగుకు అవతల గుట్టల్లోకి ఆరు రోజులు మనుషులు గానీ గొడ్లు గానీ పోవద్దు అని దాని సారాంశం. ఏటా వస్తారట. నాకది మొదటిసారి. పొద్దున తొమ్మిదికి కాల్పులు మొదలయ్యేవి. దవాఖాన కిటికీ రెక్కలు అదిరేవి. ఈనడానికి దగ్గరపడ్డ బర్రె ఒకటి చట్రంలో బెదిరి నా పాదం తొక్కింది.

నాలుగోరోజు రేంజరు మళ్లీ జీపు పంపాడు. వాగుకు ఇవతల, చాటింపు వేసిన హద్దుకు బయట, ఒక ఆడదుప్పి చచ్చి పడి ఉంది. దాని పక్కన రేంజరు, ఇద్దరు గార్డులు, ఇంకా ఒక మిలిటరీ అధికారి నిలబడి ఉన్నారు. అధికారికి నా వయసే ఉంటుంది. పంజాబు వైపు మనిషి. ఆ రోజు కాల్పులు ఆపించానని, ముందు మీరు చూడండని హిందీలో మర్యాదగా చెప్పాడు.

అక్కడే కోసి చూశాను. పక్కటెముకల మధ్య చిన్న రంధ్రం. ఊపిరితిత్తిలో గోరంత ఇనుప పెచ్చు. కడుపులో పిల్ల ఉంది. వెంట్రుకలు కూడా వచ్చేశాయి, తోలు మీద మచ్చలు లెక్కపెట్టొచ్చు. ఇంకొన్ని రోజులైతే ఈనేది. ఆ పిల్లను బయటికి తీసి గడ్డి మీద పెట్టాను. అధికారి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

రేంజరు నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"కారణం తెల్వదని రాయి. ఖతం."

"పెచ్చు చేతుల పెట్టుకొని తెల్వదని ఎట్ల రాస్త సార్?"

"జర విను. వాళ్లకు మాఫీ ఉన్నది." జేబులోంచి మడతపెట్టిన ఉత్తర్వు తీసి చూపించాడు. ఒక పేజీ ఇంగ్లీషు. ప్రకటించిన హద్దుల లోపల, ప్రకటించిన రోజుల్లో, శిక్షణలో భాగంగా జరిగే కాల్పులకు ఆ చట్టం వర్తించదు. "నువ్వు రాస్తే అది పైకి పోతది. పైనుంచి పది ప్రశ్నలొస్తయ్. జవాబు రాసేది నేను. దుప్పి మళ్ల లేస్తదా?"

నా బుర్రలో ఒకే మాట ఆగింది. హద్దుల లోపల. దుప్పి పడింది బయట. నిజం చెప్పాలంటే దానికి హద్దు బయటే దెబ్బ తగిలి ఉండాలని ఆ క్షణంలో గట్టిగా కోరుకున్నాను. రిమాండులో ఉన్న మనిషి మొహం కళ్ల ముందు మెదులుతోంది. అక్కడ పట్టుకున్న చట్టం ఇక్కడ కూడా పట్టుకోవాలన్న కసి. కానీ ఊపిరితిత్తికి దెబ్బ తగిలిన దుప్పి కొంతదూరం పరుగెత్తగలదు. అది నాకు తెలుసు.

"నెత్తుటి చుక్కలు చూసుకుంటా పోదాం," అన్నాను అధికారితో, నాకొచ్చిన హిందీలో. అతను వెంటనే సరే అన్నాడు.

చుక్కలు పట్టుకుని వాగులోకి దిగాం. నీళ్లు మోకాళ్లలోతు, ఒళ్లు జివ్వుమంది. అవతలి ఒడ్డున రాయి మీద నెత్తురు. పైన విరిగిన పొద. ఇంకా పైన వాళ్లు పాతిన ఎర్రజెండాలు. జెండాలు దాటి ముప్పై అడుగులు పోయాక గుండు పేలి తాజాగా పెళ్లగిలిన మట్టి, దాని అంచున దుప్పి వెంట్రుకలు.

లోపలే తగిలింది. ఇక అడిగేందుకేమీ లేదు.

వెనక్కి వచ్చి, జీపు బానెట్టు మీద కాగితం పెట్టుకుని ఉన్నదున్నట్టు రాశాను. ఇనుప పెచ్చు, ఊపిరితిత్తి, దెబ్బ తగిలిన చోటు, పడిన చోటు, నిండు చూలు. కింద ఇంకో వాక్యం కలిపాను: ఈ ప్రాంతంలో దుప్పులు చలికాలంలో ఈనుతాయి కనుక కాల్పులు వేరే నెలలో పెట్టుకుంటే మంచిది.

రేంజరు చదివి ఎర్రబడ్డాడు. "నువ్వు బర్ల డాక్టరువు. సలహా ఎవలడిగిన్రు నిన్ను?"

మా మాట అర్థం కాకపోయినా అధికారికి విషయం తెలిసింది. ఆ వాక్యం నాతో చదివించుకున్నాడు. "ఉండనివ్వండి. నేనూ మావాళ్లకు రాస్తాను," అన్నాడు. రాశాడో లేదో నాకు తెలియదు. మర్నాడు మాత్రం కిటికీ రెక్కలు మళ్లీ అదిరాయి.

క్రిస్మసుకు ఇంటికి పోయాను. కుదురు లేదు. చర్చిలో పాట సగంలో లేచి బయటికి వచ్చాను. అన్నం ముందు కూర్చుని లేచాను. చేనుకు పోయి, చేరకుండానే తిరిగొచ్చాను. అవ్వ జ్వరమనుకుని నుదురు పట్టి చూసింది. బాపు ఒక పూట చూసి అడిగాడు.

"ఏంది పరేషాన్?"

చెప్పాను. రెండు కాగితాల సంగతీ చెప్పాను.

"రెండిట్ల నువ్వు రాసింది నిజమేనా?"

"నిజమే బాపు."

"మరి ఎందుకట్ల తిరుగుతున్నవ్?"

లేచి మళ్లీ వాకిట్లోకి పోయాను. రెండూ నిజమే. ఒక కాగితం మనిషిని జైల్లో పెట్టింది, ఇంకోటి ఎవరినీ ఏమీ అనలేదు. సెలవులు ఇంకా ఉండగానే బస్సెక్కాను.

జనవరిలో కేసు విచారణకొచ్చింది. నన్ను సాక్షిగా పిలిచారు. గూడెం కాకా కోర్టులో ఒక మూల నిలబడి ఉన్నాడు, బాగా చిక్కిపోయాడు. భార్య గుమ్మం బయట కూర్చుంది. మీరు పరీక్షించింది ఏ జంతువు మాంసమని ప్రభుత్వ వకీలు అడిగాడు. దుప్పిదన్నాను. అంతే, బోను దిగొచ్చన్నాడు. నేను దిగలేదు.

"తీగ ఆ కాలికి గిట్ట పైన జానెడెత్తులో బిగిసింది సార్. పందులకు పెట్టే ఉరి అట్లనే కిందికుంటది. దుప్పి కోసం పెడితే మెడకు అందేటట్టు పెడతరు."

వకీలు లేచాడు. మేజిస్ట్రేటు నా వైపు చూసి, "అడిగినదానికే జవాబు చెప్పండి," అన్నారు. తర్వాత గుమస్తాతో నేను చెప్పింది కూడా రాసుకొమ్మన్నారు. దిగి బయటికి వచ్చాను. తీర్పులో నేరం రుజువైందన్నారు. శిక్ష అతను అప్పటికే జైల్లో గడిపిన రోజులకు సరిపోయిందని వదిలేశారు. నా మాట వల్లో కాదో ఎవరూ చెప్పలేదు. అతను నన్ను దాటుకుని భార్యతో వెళ్లిపోయాడు.

ఎండలు ముదిరాక గాలికుంటు టీకాలు వెయ్యడానికి వాళ్ల గూడెం పోయాను. కొత్త మనిషిని చూసి గొడ్లు బెదిరిపోతుంటే అతనే వచ్చి ఒక్కొక్కదాన్ని కొమ్ములు పట్టి నిలబెట్టాడు. చివరి ఎద్దు కూడా అయింది. నేను సూదులు కడుగుతుంటే అడిగాడు.

"మిలిటరోళ్లు కాలిస్తే దుప్పి సచ్చిందంట గదా సారు. నువ్వే కోసి సూశినవంట."

"అవును కాకా. సూలు దుప్పి."

"వాళ్ల మీద కేసు గాలేదా?"

"కాలే. వాళ్లకు సర్కారు కాయితం ఇచ్చింది. హద్దుల కాలిస్తే తప్పు కాదని."

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"గసొంటి కాయితం మాకు దొరకదా? పందులకు. మా చేను హద్దుల్నే."

అతని ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని అర్జీ రాశాం. అతను చెప్పాడు, నేను రాశాను. ఎన్ని మళ్లు పోయాయి, పందులు ఏ వైపునుంచి వస్తాయి, మంచె మీద ఎవరెవరు కావలి ఉంటారు అన్నీ చెప్పాడు. దుప్పి ఊసెత్తలేదు. వేలిముద్ర వేసి, సిరా ఆరేదాకా రెండు చేతులతో పట్టుకున్నాడు. మర్నాడు ఇద్దరం కలిసిపోయి రేంజరుకు ఇచ్చాం. ఆయన కూర్చోమనలేదు, కసురుకోనూ లేదు. అటూ ఇటూ తిప్పి చూసి, పైకి పంపిస్తానన్నాడు.

ఆ మరుసటేడు చలికాలంలో సుంకరి డప్పు వినిపించలేదు. మిలిటరీ వాళ్లు ఎండాకాలంలో వచ్చారు. రోడ్డు బాగులేక ఆలస్యమైందని రేంజరు అన్నాడు. అంతకుమించి నాకు తెలియదు. అర్జీకి జవాబు రాకముందే నాకు కరీంనగర్ బదిలీ అయింది. వచ్చేముందు గూడెం పోయి ఆ మాట చెప్పాను.

"ఇంకోటి రాసిచ్చి పో సారు," అన్నాడతను. "కొత్త డాక్టరు రాస్తడో రాయడో."

రాసిచ్చి, బస్సు టైమవుతుంటే సైకిలెక్కాను.