తీసెయ్యి, తీసియ్యి

పట్టపగలు చుక్కలు చూడడమంటే నానా అగచాట్లు పడడమని అందరికీ తెలుసు. నేను ఆ పని సరదాకి చేస్తాను, టెలిస్కోపు అద్దెకు తీసుకుని మరీ. అది దక్షిణ అమెరికాలో ఏదో ఎండిన కొండ మీద ఉంది. ఇక్కడ ప్రొద్దుటూరులో పొద్దు నెత్తికెక్కే వేళకు అక్కడ చీకటి. బస్టాండు ఎదురుగా ఉన్న నా ఫ్లెక్సీల షాపులో కూర్చుని ఏ గెలాక్సీ కావాలో కంప్యూటర్లో కొడితే, అది అటు తిరిగి ఫోటోలు తీసి పంపుతుంది.

వచ్చేవన్నీ నల్లటి ఫోటోలే. ఒక్కోదానిలో చెప్పుకోదగ్గదేమీ ఉండదు. ఓ నలభై తీసి ఒకదానిమీద ఒకటి పేర్చాలి. అన్నిటిలోనూ ఉన్నది నిలబడుతుంది. ఒక్కదానిలోనే మెరిసిపోయేదాన్ని, విమానమో ఉపగ్రహమో, కంప్యూటరే ఏరి పారేస్తుంది. ఆ తర్వాత మసక వెలుగును మెల్లగా పెంచుకుంటూ పోతే, ముగ్గుపిండి చల్లినట్టు గెలాక్సీ పైకి వస్తుంది. అలాంటి ఒకదాని కింద ‘నక్షత్ర మండలం’ అని రాసి షాపులో తగిలిస్తే, దువ్వూరు నుంచి వచ్చిన ఒకాయన ఈ మండలం ఏ జిల్లాలో కలిపినారప్పా అని అడిగాడు.

ఈ పనితనం నాకు ఆకాశం నేర్పింది కాదు, ఫ్లెక్సీలు నేర్పింది. నాయకులు పార్టీలు మారే కాలంలో నాకు చేతినిండా పని. కండువా మారిన రోజే పాత గుంపు ఫోటోలు బయటికి వచ్చేవి. వెంట రాని వాళ్లను చెరిపి, పక్కనున్న గోడను కాపీ చేసి ఆ చోట అతకాలి. ఆ విద్యలో నన్ను మించినవాడు జమ్మలమడుగు దాకా లేడని పేరు. ఒకరోజు ఒక నాయకుడి మనిషి వచ్చి, నేనే తీసిన ఫోటోలో చివరన నిలబడ్డ ఒకతన్ని చూపించాడు.

"ఈయప్పను తీసెయ్యి."

ఆ రోజుల్లో మా వైపు ఆ మాటకు ఇంకో అర్థం ఉండేది. నా మొహం పాలిపోవడం చూసి, ఫోటోలోనే లేప్పా అని నవ్వాడు. నేనూ నవ్వాను. అరగంటలో తీసేశాను. డిస్కులో చోటు కలిసొస్తుందని పాత ఫైలు మీదే సేవ్ చేశాను. కొన్ని నెలలకు అతన్ని రోడ్డు మీద నిజంగానే తీసేశారు. పేపర్లో పేరు చదివాను. పేపరు మడిచి పనిలో పడ్డాను.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం పులివెందుల నుంచి ఒకావిడ కూతురితో వచ్చింది. హాస్టల్లో వంట చేస్తుందట. కూతురు తన కాలేజీలో పెట్టిన నా గెలాక్సీ ఫోటోలు చూసి షాపు ఎక్కడో కనుక్కుంది. తల్లి తన భర్త పేరు చెప్పింది. అప్పుడు పేపర్లో చదివిన పేరే. ఇల్లు తగలబెట్టినప్పుడు ఉన్న ఫోటోలన్నీ కాలిపోయాయట. అప్పటికి ఈ అమ్మాయి కడుపులో ఉంది. తండ్రి మొహం ఎరగదు.

"నువ్వు తీసిన గుంపు ఫోటోలో ఉండాడన్నా. ఆకాశంలో కనపడనివే తెస్తాండావంట. ఆయన్ను దాంట్లోనించి తీసియ్యి."

తీసెయ్యి, తీసియ్యి. ఎత్వానికీ గుడికీ ఉన్నంత తేడా. మాటలతో ఆడుకోవడం నాకు ఇష్టమే గానీ, ఆ పూట మాటే నాతో ఆడుకుంది. డిస్కు పాడైపోయిందమ్మా అని అబద్ధం చెప్పాను.

ఆవిడ సరేలే అంది. అమ్మాయి మాత్రం తెర మీద ఉన్న గెలాక్సీని చూస్తోంది. ఆ వెలుగు బయల్దేరి కోట్ల ఏళ్లయిందని అడక్కుండానే గొప్పలు పోయాను. అంత పాతదాన్ని తెచ్చినారు, పాడైన డిస్కులోంచి తేలేరా సార్ అంది.

నా గొప్పే నన్ను పట్టించింది. ఫైలు తెరిచాను. చివరన గోడ ఉంది. నేనే తీసేశానమ్మా అన్నాను. చీకట్లో ఉన్నదాన్ని ఎంత మసగ్గా ఉన్నా తేగలను. తుడిచి గోడ అతికిన చోట తేవడానికి ఏమీ మిగల్లేదు.

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. చాలాసేపు ఆ గోడనే చూసింది.

"నాకు ఆయన మొగం ఏటికేడు మారిపోతాండాదన్నా. కండ్లు గుర్తొస్తే ముక్కు రాదు. తీసేటప్పుడు నువ్వు శానా దగ్గరగా చూసింటావు. ఎట్లుండేదో మా పాపకు చెప్పు."

ఆ మొహాన్ని తెర నిండా పెద్దది చేసుకుని అరగంట కూర్చున్నవాణ్ని. ఎంత వెతుక్కున్నా గోడే గుర్తొచ్చింది. లేత నీలం సున్నం, దాని మీద నిలువుగా వాన చార. ఆ చార అతుకు దగ్గర తెగకుండా ఎంత తంటాలు పడ్డానో కూడా గుర్తుంది. అతనికి మీసం ఉందో లేదో గుర్తు రాలేదు. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు, నోటిదాకా వచ్చింది కూడా. గుర్తులేదమ్మా అన్నాను.

ఇద్దరూ లేచారు. అమ్మాయి గడప దగ్గర ఆగింది.

"ఆ గోడ యాడిది సార్?"

జమ్మలమడుగులో పార్టీ ఆఫీసుదని చెప్పాను. ఇంకా ఉందా అంది. ఉంది, రంగు మారిందన్నాను.

బస్టాండులో పులివెందుల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. దాన్ని దాటుకుని వాళ్లు జమ్మలమడుగు బస్సు ఎక్కారు.