ఫోన్‌లో లియాఖత్ చెప్పిన జవాబు

బాన్సువాడలో బిచ్కుంద రోడ్డు మీద పరుపుల లియాఖత్ అంటే తెలియనివాళ్లు తక్కువ. ఆయన భార్య మెహరాజ్ బేగం పేరు మాత్రం దుకాణం బోర్డు మీద ఉండేది కాదు. దూది నింపేది ఆయన, అంచు కుట్టేది ఆమె. ముప్పై ఏళ్లు అలాగే నడిచింది. చుట్టుపక్కల పల్లెల్లో కొత్త కాపురాలు పెట్టినవాళ్లలో సగం మంది ఆమె కుట్టిన పరుపుల మీదే పడుకున్నారు. ఆ సంగతి వాళ్లకు తెలియదు, ఆమె చెప్పుకోలేదు. ఏదీ చెప్పుకునే రకం కాదు.

లియాఖత్ ఆమెను మించినవాడు. ఒంట్లో ఎలా ఉందని ఎవరడిగినా ఆయన నోట ఒకటే మాట వచ్చేది: అల్లా దయ, అంతా మంచిగున్నది. నూట రెండు జ్వరంతో దుప్పటి కప్పుకుని కూర్చున్నప్పుడు కూడా అదే మాట. ఆయన తండ్రి ఆఖరి రోజుల్లో చూడవచ్చినవాళ్లకు అదే చెప్పి పంపేవాడట. దేవుడిచ్చిన ఒంటి గురించి పరాయివాళ్ల ముందు ఏడవడం నామర్దా అని ఆ ఇంటి నమ్మకం. రోగం సంగతి డాక్టరుకు చెబుతారు, పెళ్లానికి చెబుతారు, మూడో మనిషికి చెప్పరు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. లియాఖత్ నోరు మంచిదే, ఊరు కూడా ఆయనతో మంచిగానే ఉంది. ఆ మంచి నోరే చివరికి ఇంటి మీదికి తెచ్చింది.

ఇల్లంటే ముందు రేకుల ఇల్లు. వానాకాలంలో రేకుల సందుల్లోంచి నీళ్లు కారి దూది బస్తాలు తడిసిపోయేవి. ఒకసారి తడిసి గడ్డకట్టిన దూదితో మంచి పరుపు కుట్టలేరు. రేకులు తీసేసి రెండు గదులకు స్లాబు వేయించుకోవాలని మొగుడూపెళ్లాలు పదేళ్లు అనుకున్నారు. మూడేళ్ల కిందట ఒక ఫైనాన్స్ కంపెనీ ఇంటి కాగితాలు తాకట్టు పెట్టుకుని ఏడు లక్షలు ఇస్తానంది. దాన్ని కుదిర్చింది నవనీత్.

నవనీత్ మహమ్మద్ నగర్ దగ్గర వరి పండించే ఆశన్న కొడుకు. వాళ్లింటి పరుపులన్నీ లియాఖత్ చేతివే. నవనీత్ పుట్టినప్పుడు ఊయలలో వేసిన చిన్న బొంత మెహరాజే కుట్టింది. ఇప్పుడు అతను బస్టాండు దగ్గర చిన్న గది కిరాయికి తీసుకుని, జనానికి అప్పులూ బీమాలూ చేయించి కమిషన్ మీద బతుకుతున్నాడు. గోడకు లైసెన్సు తగిలించి ఉంటుంది. చాచా, చాచీ అని నోరారా పిలుస్తాడు. అలాంటివాణ్ని వదిలి ఊరూపేరూ తెలియనివాడి దగ్గరికి ఎవరు పోతారు?

అప్పుతో పాటు బీమా కూడా చేయాల్సిందేనన్నాడు నవనీత్. చాచాకు ఏమన్నా అయితే మిగిలిన అప్పంతా బీమా కంపెనీయే కడుతుంది, ఇల్లు చాచీకి మిగులుతుంది అన్నాడు. బీమా తీసుకుంటేనే అప్పు ఇస్తామని ఎవరూ బలవంతపెట్టకూడదని రూలు ఉన్నట్టు వాళ్లకు చాలా తర్వాత తెలిసింది. నిజం చెప్పాలంటే, ముందే తెలిసినా మెహరాజ్ వద్దనేది కాదు. ఇల్లు మిగులుతుందన్న మాట ఆమెకు నచ్చింది.

లియాఖత్‌కు అప్పటికే నాలుగేళ్లుగా షుగరు. ఫారం నింపే రోజు ఆయన నోరు మెదపకపోతే మెహరాజే చెప్పింది.

"నవనీత్, మీ చాచాకు షుగర్ ఉన్నది. సర్కారు దవాఖానల గోళీలు తెచ్చుకుంటడు. గది గుడ రాయి బిడ్డా."

నవనీత్ పెన్ను ఆపాడు. షుగరని రాస్తే రక్త పరీక్షలంటారు, ఫైలు నెలరోజులు ఆగుతుంది, ఈలోగా వానలు పడతాయి అన్నాడు. "షుగర్ ఎవలకు లేదు చాచీ? మా నాయినకు గుడ ఉన్నది. గీ చిన్నదానికి ఫికర్ జేయకు." అని లేదన్న గడిలో టిక్కు పెట్టాడు. ఫారమంతా ఇంగ్లీషు. నవనీత్ చూపించిన చోటల్లా లియాఖత్ ఉర్దూలో సంతకం పెట్టాడు.

ఇంగ్లీషు రానివాళ్లు మోసపోకూడదని ఆ ఫారం అడుగున ఒక కట్టుబాటు ఉంటుంది. ప్రశ్నలన్నీ ఈ మనిషికి తెలిసిన భాషలో చదివి వినిపించాను, ఆయన చెప్పిన జవాబులే రాశాను అని నింపినవాడు సంతకం చేయాలి. నవనీత్ అక్కడ కూడా సంతకం చేశాడు. కంచే చేను మేసిందంటే ఇదే. పైగా మేసినట్టు చేనుకు తెలియను కూడా తెలియలేదు.

నాలుగు రోజులకు బీమా కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఇది కూడా కొనేవాళ్ల మేలు కోసం పెట్టిన ఏర్పాటే. మధ్యలో ఏజెంటు ఏం చెప్పినా, కంపెనీవాళ్లే నేరుగా అడిగి తెలుసుకుంటారు, ఆ మాటలు రికార్డవుతాయి. అప్పుడు లియాఖత్ దూదిలో కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకూ, గడ్డానికీ దూదే. మెహరాజ్ సూది పక్కన పెట్టి, ఫోను ఆయన చెవి దగ్గర పట్టుకుంది. అవతల ఒక అమ్మాయి చిలకలా గుక్క తిప్పుకోకుండా పేరు, ఊరు, పుట్టిన తేదీ అడిగింది. ఆయన చెప్పాడు. షుగరు, బీపీ, గుండె జబ్బు లాంటివి ఏమైనా ఉన్నాయా అని అడిగింది.

"అల్లా దయ బిడ్డా, అంతా మంచిగున్నది."

అంటే లేవని రాసుకోమంటారా అంది ఆ అమ్మాయి.

"రాసుకో తల్లీ. నీ పిల్లాజెల్లా సల్లగుండాలె."

మెహరాజ్ పైకే నవ్వింది. ముక్కూమొహం తెలియని అమ్మాయిని కూడా దీవించే మనిషి. ఆ పొద్దున్నే ఆయన కాలి పుండుకు కట్టు కట్టింది తనే. అయినా ఆయన మాట ఆమెకు అబద్ధంలా తోచలేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ వింటున్న మాట.

స్లాబు పడింది. పదహారు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం లియాఖత్ దుకాణంలోనే, సగం నింపిన పరుపు మీద ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు.

నలభై రోజులు గడిచాక బీమా కంపెనీ తరఫున ఒకాయన విచారణకు వచ్చాడు. మర్యాదస్తుడు. మెహరాజ్ చాయ్ ఇచ్చింది. భర్తకు ఏమైనా మందులు వాడేవారా అని ఆయన అడిగితే, దవాఖాన చీటీలన్నీ వరస తప్పకుండా పేర్చి ఉన్న ప్లాస్టిక్ సంచి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఒక్క నెల కూడా మందు మానలేదని చూపిస్తే ఆయనకు నమ్మకం కుదురుతుందని ఆమె ఆశ. ఆయన ఒక్కో చీటీని ఫోటో తీసుకున్నాడు. చాయ్ బాగుందని చెప్పి వెళ్లాడు.

తర్వాత ఉత్తరం వచ్చింది. డిగ్రీ చదువుతున్న కూతురు ఆసిమా చదివి చెప్పింది. షుగరు సంగతి దాచి బీమా తీసుకున్నారు కాబట్టి డబ్బు ఇవ్వలేమని రాశారు. దాచారన్న మాట దగ్గర మెహరాజ్ కూతుర్ని ఆపింది. దాచినవాళ్లు చీటీల సంచి తెచ్చి చేతిలో పెడతారా?

మర్నాడే నవనీత్ దగ్గరికి పోయింది. తను చెప్పింది గుర్తుందా అని అడిగింది. గుర్తుంది చాచీ అన్నాడు. ఆ ముక్క కాగితం మీద రాసివ్వమంది. నవనీత్ గోడ మీది లైసెన్సు వంక చూశాడు. రాసిస్తే అది పోతుంది, తన ఇంటి మీద కూడా అప్పుంది అన్నాడు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. అవి దొంగ కన్నీళ్లని మెహరాజ్ అనుకోలేదు. కానీ కన్నీళ్లు ఫైలులో పెట్టడానికి పనికిరావు. ఆమె లేచి వచ్చేసింది.

ఆసిమా ఊరుకోలేదు. ముందు కంపెనీకే ఫిర్యాదు రాసింది. నెల దాటినా వాళ్లు మాట మార్చకపోయేసరికి హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాసింది. బీమా కంపెనీలతో తగువు పడినవాళ్ల మొర వినే అధికారి ఆయన. పైసా ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే, వీడియోలో మాట్లాడవచ్చు. మెహరాజ్‌కు ఇది వింతగా తోచింది. తనలాంటి దాని మాట వినడానికే ఒక ఆఫీసు పెట్టారా? విచారణ తేదీ వచ్చేదాకా ఆమె రోజూ అంచు కుడుతూ చెప్పాల్సిన నాలుగు ముక్కలూ వల్లె వేసుకుంది. మరోపక్క అప్పు కంతులు కట్టడం ఆగిపోయి ఫైనాన్స్ కంపెనీవాళ్లు వస్తూనే ఉన్నారు. ఫిర్యాదు నడుస్తోందని ఆసిమా చెబితే, అది మీకూ బీమావాళ్లకూ తగువు, మాకు సంబంధం లేదన్నారు. అదీ నిజమే.

విచారణ రోజు స్లాబు గదిలో కిటికీ పక్కన ఫోను నిలబెట్టుకుని కూర్చున్నారు తల్లీకూతుళ్లు. అధికారి పెద్దవయసాయన, తెలుగులోనే నెమ్మదిగా మాట్లాడాడు. భర్తకు షుగరు ఉండేదా అని అడిగాడు. ఉండె సార్ అంది. ఏజెంటుకు చెప్పారా? నేనే చెప్పిన సార్ అంది. దానికి కాగితం ఏమైనా ఉందా? లేదంది. అప్పుడు కంపెనీ తరఫున కూర్చున్నావిడ, తమ దగ్గర ఆనాటి ఫోన్ రికార్డు ఉందని చెప్పి వినిపించింది.

ముందు దూది ఏకే మిషను చప్పుడు వినిపించింది. ఆ తర్వాత లియాఖత్ గొంతు.

"జర నజ్దీక్ పకడో, మెహరూ."

ఫోను కాస్త దగ్గరగా పట్టుకోమంటున్నాడు. ఆ పేరుతో ఆయన తప్ప ఇంకెవరూ ఆమెను పిలవలేదు. ఆయన పోయాక ఆ పిలుపు ఎవరి నోటా వినలేదు. అల్లా దయ, అంతా మంచిగున్నది అన్నాడు. అమ్మాయిని దీవించాడు. వెనక ఎవరో ఆడమనిషి నవ్వు వినిపించింది. అది తన నవ్వే. అయిపోయింది.

మీరేమైనా చెప్పుకుంటారా అమ్మా అని అడిగాడు అధికారి. ఆసిమా మోచేత్తో పొడిచింది. వల్లె వేసిన నాలుగు ముక్కల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"గది ఇంకోసారి పెట్టుండ్రి సార్," అంది మెహరాజ్.

ఆయన పెట్టమన్నాడు. రెండోసారి కూడా లియాఖత్ అదే చెప్పాడు. మారతాడని ఆమె అనుకోలేదు. వినాలనిపించింది, అంతే. ఆ తర్వాత చెప్పింది.

"ఆయన అబద్ధం చెప్పలేదు సార్. ఎవలడిగినా గట్లనే చెప్తడు. గది మా ఇంటి మర్యాద."

మీ మాట నమ్మడం లేదనుకోకండమ్మా, కానీ ఉన్న ఆధారం చూసే నేను రాయాలి అన్నాడు అధికారి. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం ఆమె చూసింది.

తీర్పు కాగితం వచ్చింది. ఫారంలో ఒక జవాబు, ఫోన్‌లో అదే జవాబు. దానికి ఎదురు నిలిచే ఆధారం లేదు. కట్టిన ప్రీమియం మాత్రం వాపసు ఇవ్వాలని ఉంది. ఆ డబ్బు రెండు మూడు కంతులకు సరిపోయింది. తర్వాత ఫైనాన్స్ కంపెనీ నోటీసు వచ్చింది. అరవై రోజుల్లో బాకీ అంతా కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని అందులో ఉంది.

ఆ నోటీసు సంచిలో పెట్టుకుని, రెండు నెలల గడువన్నా పెంచమని అడగడానికి ఆమె ఫైనాన్స్ ఆఫీసుకు నడుస్తోంది. బస్టాండు ముందు నవనీత్ ఎదురుపడ్డాడు. బండి ఆపాడు. ఇలా ఎదురుపడే రోజు కోసం మెహరాజ్ ఎన్ని తిట్లు కూడబెట్టిందో అల్లాకే తెలుసు. మన్ను బుక్కిపోతవ్ అనాలనుకుంది. నీ బొంత కుట్టిన చేతులు విరగ్గొట్టుకుంటాననాలనుకుంది. అతను తల వంచుకుని, "మంచిగున్నరా చాచీ?" అన్నాడు.

"అల్లా దయ బిడ్డా, అంతా మంచిగున్నది," అంది ఆమె నోరు.

నవనీత్ ఊపిరి పీల్చుకున్నాడు. తల ఊపి వెళ్లిపోయాడు. ఆమె తన నోటి మీద తనే చెయ్యి పెట్టుకుని అక్కడే నిలబడింది.

ఫైనాన్స్ ఆఫీసులో గడువు పెంచలేదు. ఆ వారంలోనే నవనీత్ తండ్రి ఆశన్న దుకాణానికి వచ్చాడు, పాత పరుపు విప్పి కుట్టించుకోవడానికి. ఇంటి సంగతి ఏమైందోనని చాలా రోజులు రంది పడ్డాడట. ఇప్పుడు మనసు కుదుటపడిందట.

"మావోడు చెప్పిండు చెల్లె, ఇగ ఏం ఫికర్ లేదని. మంచిగున్నమని నువ్వే చెప్పినవంట గద."

మెహరాజ్ పరుపు అంచు విప్పసాగింది. నోటీసులో ఇంకా యాభై మూడు రోజులున్నాయి.