అడగకముందే చెప్పిన జవాబు

ఇవాళ పొద్దున తార్నాక మెట్రో స్టేషన్‌లో తనిఖీ చేసే అమ్మాయి నా బ్యాగు తెరవమంది. బర్రున జిప్పు లాగాను. డబ్బాలోంచి నిమ్మకాయ పులిహోర వాసన గుప్పుమంది. జిప్పు చప్పుడూ అన్నం వాసనా ఒక్కసారే తగిలేసరికి గొంతులో పాత మాట ఒకటి కదిలింది. "తిన్నానక్కా" అనబోయాను. ఆ అమ్మాయి నన్నసలు ఏమీ అడగలేదు. నవ్వు ఆపుకుని బ్యాగు భుజాన వేసుకున్నాను గానీ, రైలెక్కాక కళ్ళు తడిశాయి. బ్యాగు తెరవమని నన్ను మొట్టమొదట నిలదీసిన మనిషి సుగుణక్క. ఆమె పోయి రెండేళ్ళయింది.

నేను కడప నుంచి యూనివర్సిటీలో పరిశోధన చేయడానికి వచ్చాను. మొదటి ఏడాది హాస్టల్లో ఉన్నాను. మెస్సులో ఎదురుగా కూర్చున్న ప్రతివాళ్ళూ నా పళ్ళెంలోకే చూస్తున్నారని అనుమానం. ఎవరైనా ఇంకొంచెం వేసుకోమంటే అది ప్రేమ అనుకోలేదు, నిఘా అనుకున్నాను. అందుకే తార్నాకలో ఒంటరిగా ఉండే ఒకామె మేడమీద గది ఖాళీగా ఉందని తెలియగానే వెళ్ళి చేరిపోయాను. అరవై దాటిన మనిషి, తన పనేదో తను చూసుకుంటుంది, నా జోలికి రాదనుకున్నాను. ఆంటీ అని పిలిస్తే ఒప్పుకోలేదు. క్యాంపస్ అంతా తనను అక్కా అనే పిలిచేదట. ఏం పని చేసేవారని మాటవరసకు అడిగాను. లైబ్రరీ గేటు దగ్గర కూర్చుని బయటికి పోయే విద్యార్థుల బ్యాగులు సోదా చేసేదాన్నని చెప్పింది, అదీ ముప్పై ఏళ్ళు. పెనం మీంచి పొయ్యిలో పడ్డానని నాకు అప్పుడే అర్థమైంది.

నా జబ్బుకు అప్పటికి నా దగ్గర పేరు లేదు. మా గైడు నా మొదటి అధ్యాయాన్ని మూడోసారి తిప్పికొట్టిన రోజుల్లోనే, ఒక పెళ్ళిలో ఎవరో "సన్నబడి ఎంత బాగున్నావే" అన్నారు. చదువు నా చేతిలో లేదు, ఈ ఊరు నా చేతిలో లేదు, పళ్ళెం ఒక్కటే నా మాట వింటోందనిపించింది. అందం కోసమే ఇదంతా అనుకుంటారు చాలామంది. నాకైతే అందం గుర్తు కూడా లేదు, భయమే గుర్తుంది. కొన్నాళ్ళకు నేను పళ్ళేన్ని ఏలడం పోయి అదే నన్ను ఏలసాగింది. "ఇవాళ వద్దులే, నీ మంచికే చెబుతున్నా" అని లోపల ఒక గొంతు ఎంతో మర్యాదగా, ప్రాణస్నేహితురాలిలా చెప్పేది. ఆ గొంతును తప్ప లోకంలో అందర్నీ అనుమానించాను. అమ్మ పంపిన పచ్చడిలో కావాలనే నూనె ఎక్కువ పోసిందని అమ్మనూ అనుమానించాను.

దానికి తోడు దేవుళ్ళను అడ్డం పెట్టుకున్నాను. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకన్నకు ఒక్కపొద్దు అన్నాను. దేవుడి పేరు చెబితే మా ఇళ్ళలో ఇంకెవరూ ప్రశ్న వేయరు. అమ్మ నా భక్తి గురించి చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకునేది. నిజంగా మొక్కుకున్నవాళ్ళు ఆ ఒక్క పూటైనా దీపం పెట్టి కడుపునిండా తింటారు. ఒక్కపొద్దు విడవడం కూడా మొక్కులో భాగమే. నేను పట్టడమే గానీ విడిచింది లేదు. నవ్వొచ్చే సంగతేమిటంటే, అంత భక్తి కుటుంబంలో ఆ మాట ఒక్కరికీ తట్టలేదు.

సుగుణక్క పొద్దున్నే మెట్ల కింద చాటలో బియ్యం ఏరుతూ కూర్చునేది. నేను దిగుతూనే తిన్నానక్కా అనేదాన్ని, మధ్యాహ్నానికి డబ్బా కూడా పెట్టుకున్నానని చెప్పేదాన్ని. రాత్రి భోజనానికి పిలిస్తే ఇవాళ ఒక్కపొద్దనేదాన్ని. మంచిది అనేది. ఒక్కసారి చాట మీంచి కళ్ళెత్తి చూసి మళ్ళీ దించేసుకునేది. ఆ చూపు నాకు పడేది కాదు. నేను లేనప్పుడు పైకి వచ్చి చెత్తబుట్ట చూస్తోందేమోనని గదికి రెండో తాళం వేశాను. ఒక సాయంత్రం నేను గేటు తీస్తుంటే లోపల ఫోన్లో ఆమె గొంతు వినిపించింది. "పిల్ల తింటలేదు. అబద్ధమాడుతున్నది. ఏం జెయ్యాలె?" గది తీసుకున్న రోజు రాసిచ్చిన కాగితంలో మా అమ్మ నంబరు ఉంది. ఇంకేముంది, అమ్మకు చెప్పేసింది, రేపో మాపో వచ్చి నన్ను కడపకు లాక్కుపోతుంది, చదువు అయిపోయినట్టే అనుకున్నాను. నల్లకుంటలో ఒక గది మాట్లాడుకుని, మర్నాడే బట్టలు సర్దేశాను.

దిగేసరికి గేటు మూసి ఉంది. దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని ఆమె కూర్చుంది. బయట గల్లీ కుక్కలు నాలుగు, అలవాటు ప్రకారం నా కోసం తోకలాడిస్తూ నిలబడి ఉన్నాయి.

"బ్యాగు తెరువు" అంది.

"ఎందుకక్కా, తిన్నాను కదా."

"మల్ల అన్నవ్. ముప్పై ఏండ్లు గేటు కాడ కూసున్న బిడ్డా. పుస్తకం దాసినోళ్ళు అడగకముందే ఏం లేదక్కా అంటరు. నువ్వు రోజు మెట్లు దిగుకుంట తిన్నానంటవ్. నేనెప్పుడన్న అడిగిన్నా?"

ఆమె కుక్కల వైపు చూపించి, నీ డబ్బా వాసన వాటికి తెలిసింది, నాకు తెలవదా అంది. రోజూ ఆ డబ్బా నేను ఒంపేది ఆ కుక్కల ముందే. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మా అమ్మకు ఫోన్ చేసి నా బతుకు బజారున పెట్టారని అరిచాను. ఆమె అరవలేదు. ఫోన్ చేసింది మా అమ్మకు కాదట. ఒకప్పుడు ఆ లైబ్రరీలోనే కూర్చుని చదువుకుని, ఇప్పుడు మానసిక వైద్యురాలిగా ఉన్న ఒకమ్మాయికట. "మీ అమ్మకు చెప్పుడు నీ పని, నాది కాదు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్కపొద్దంటే ఒక్క పూటన్న తినాలె బిడ్డా. నువ్వు గా పూట సుత తింటలేవ్" అంది. మెట్టు మీద కూలబడి, అక్కా నాకు తినడం చేతకావడం లేదని ఏడ్చాను. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. ఎంత సిగ్గుపడ్డానో అంత తేలికపడ్డాను.

ఆ మధ్యాహ్నమే ఆటోలో నన్ను ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. గుండె బాగా నెమ్మదించిందని, ఇంకొన్నాళ్ళు ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరు చెప్పింది. ఇది మొండితనమో గర్వమో కాదు, జబ్బు, నయమవుతుందని కూడా చెప్పింది. కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచారు. అమ్మకు నేనే ఫోన్ చేశాను. వచ్చీ రాగానే దిష్టి తగిలిందంది. ఒక్కపొద్దులన్నీ అబద్ధమని చెప్పాక కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చివరికి "నాకెందుకు చెప్పలా పాపా" అని మాత్రం అంది. ఊరంతా చెప్పుకున్న ఆ గొప్పలు తలుచుకునే ఎక్కువగా ఏడ్చిందేమో.

తిరిగి తార్నాక వచ్చిన రోజు సుగుణక్క ఒక తప్పు చేసింది. పప్పు, వంకాయ కూర, సర్వపిండి అన్నీ చేసి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని ప్రతి ముద్దా నోట్లోకి వెళ్ళేదాకా చూసింది. మీ గేటు డ్యూటీ ఇంకా అయిపోలేదా అని పళ్ళెం నెట్టేశాను. ఆమె ముఖం చిన్నబోయింది. తర్వాతి వారం డాక్టరు దగ్గరికి నాతోపాటు వచ్చింది. పళ్ళెం వైపు చూడొద్దు, మెచ్చుకోవద్దు, తిట్టొద్దు, పక్కన కూర్చుని మీరూ తినండి, వేరే సంగతులు మాట్లాడండి అని డాక్టరు చెబుతుంటే చిన్నపిల్లలా తలూపింది. మర్నాటి నుంచి తన కుర్చీ కిటికీ వైపు తిప్పుకుంది. తను తింటూ, నిఘంటువును చొక్కాలో దాచుకుని, చెప్పులేసుకోవడానికి వంగలేక దొరికిపోయిన కుర్రాడి కథ చెప్పింది. జీవితమంతా చూడటమే ఉద్యోగమైన మనిషి, నా కోసం చూడకుండా ఉండటం నేర్చుకుంది. దానికి ఆమె ఎంత కష్టపడిందో ఆమె మెడకే తెలుసు.

నయం కావడమంటే జ్వరం తగ్గినట్టు కాదు. వేళకు తిండి, వారంవారం కౌన్సెలింగ్, కొన్ని మంచి వారాలు, కొన్ని పాడు వారాలు. థీసిస్ ఇవ్వబోయే నెలలో మళ్ళీ జారాను. ఒక పొద్దున మెట్లు దిగుతూ, నాకు తెలియకుండానే తిన్నానక్కా అనేశాను. సుగుణక్క చాట పక్కన పెట్టింది. "ఇన్నొద్దులు అందరినీ అనుమానించినవ్, నన్ను సుత. గా లోపల మాట్లాడేదాన్ని ఒక్కసారన్న బ్యాగు తెరువమన్నవా?" అంది. ఆ గొంతు సంగతి నేను డాక్టరుకు చెప్పినప్పుడు తనూ పక్కనే ఉంది. లోపలికి వెళ్ళి ఇద్దరికీ ఉప్మా చేసింది, ఆ మధ్యాహ్నం ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మళ్ళీ కుదుటపడటానికి నెలలు పట్టింది. ఒకరోజు బియ్యం ఏరుతూ, తలెత్తకుండా, "కుక్కలు నీ ఎంబడి వస్తలేవ్" అంది. ఆమె నాకిచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే. పీహెచ్‌డీ పట్టా కన్నా దాన్నే ఎక్కువ దాచుకున్నాను.

ఇప్పుడు నేను ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. అనుమానపు బుద్ధి ఎక్కడికీ పోలేదు, పోవాలని కోరుకోను కూడా. ఆ గొంతు అప్పుడప్పుడూ వస్తుంది, ముఖ్యంగా మనసు బాగాలేని రోజుల్లో. ఇవాళ మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో డబ్బా ముందు పెట్టుకోగానే వచ్చింది. "ఇవాళ వద్దులే, నీ మంచికే చెబుతున్నా" అంది, పాత మర్యాదతోనే. నా మంచికేనా అని నేను దాన్ని అడగలేదు. అడగకముందే చెప్పింది. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, పులిహోర డబ్బా మూత తీశాను.