మేడమ్ అరచేతిలో చింతగింజలు

మా మేడమ్ పోయారన్న సంగతి ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ మెట్ల మీద తెలిసింది. ఆఫీసు గ్రూపులో వచ్చిన మెసేజ్ చదివి, ఒక పక్కకు జరిగి నిలబడిపోయాను. కింద నల్గొండ బస్సులు, విజయవాడ బస్సులు రోజూలాగే ఒకదాని మీద ఒకటి హారన్లు కొట్టుకుంటున్నాయి. పక్కన ఆమె ఉంటే ఏమడిగేవారో నాకు తెలుసు. లిఫ్టు ఎక్కినా, సిగ్నల్ దగ్గర ఆగినా, రైతుబజార్లో కరెంటు కాటా ముందు నిలబడినా ఆమె అడిగేది ఒకటే.

"ఇది తప్పు చేస్తే మొదలు ఎవరికి తెలుస్తది?"

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో మా చిన్న కంపెనీ. ఆసుపత్రిలో మంచం పక్కన స్టాండుకు తగిలిస్తారే, సిరంజిలోని మందును గంటల తరబడి కొంచెం కొంచెంగా ఒంట్లోకి ఎక్కించే పంపు, దాన్ని తయారుచేస్తాం. అందులోని సాఫ్ట్‌వేర్ రాసే మా అందరికీ పెద్ద దిక్కు మేడమ్. నేను చేరిన కొత్తలో కోడ్ రాయాలని ఒకటే ఆరాటం. ఆమె రాయనిస్తేగా! ముందు పంపు మొత్తాన్నీ మోడల్‌గా గీయాలి. ఏ భాగం ఎప్పుడు ఏ స్థితిలో ఉంటుంది, ఎవరు ఎవరికి ఏం చెబుతారు, చెప్పింది అందకపోతే ఏమవుతుంది, అన్నీ గీసి, ఆ బొమ్మనే కంప్యూటర్‌లో నడిపించి చూడాలి. బొమ్మలు గీయడానికా నన్ను ఇంజినీరింగ్ చదివించావని అమ్మ దగ్గర సణిగేదాన్ని.

ఇంతవరకు ఈ రంగంలో చాలామంది చేసేదే. మేడమ్ అంతటితో వదిలేవారు కాదు. కంప్యూటర్‌లో మోడల్ చక్కగా నడిచిందని మేం సంబరపడుతుంటే, ఆదివారం పొద్దున కొత్తపేటలో తన ఇంటి డాబా మీదికి రమ్మనేవారు. వెళ్లేసరికి సుద్దముక్కతో గళ్లూ గీతలూ గీసి, చీర కుచ్చిళ్లకు తెల్లగా పొడి అంటించుకుని ఉండేవారు. ఒక్కో గడిలో ఒక్కొక్కరం నిలబడాలి. మనిషే భాగం. గడిలో రాసి ఉన్నదే చేయాలి. తన గడి నుంచి గీత ఉన్నవాళ్లతోనే మాట్లాడాలి. సొంత తెలివి వాడితే టిఫిన్ ఉండదని బెదిరింపు. ఆ ఇంటి ఉప్మా తిన్నవాళ్లకే తెలుస్తుంది అదెంత పెద్ద బెదిరింపో.

ఒక ఆదివారం నేను స్క్రీన్‌ని. గుంటూరు వైపు నుంచి వచ్చిన మా టీమ్ కుర్రాడు మోటారును నడిపే సాఫ్ట్‌వేర్. రిసెప్షన్ చూసే అమ్మాయి నర్సు. నీళ్ల ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్న మేడమ్ భర్త కరెంటు. ఆయన చప్పట్లు కొడితే కరెంటు పోయినట్టు, బ్యాటరీ కూడా అయిపోయినట్టు. మళ్లీ కొడితే వచ్చినట్టు. మందు అంటే చింతగింజలు, వంటింట్లో చింతపండు పిసికాక కడిగి పచ్చడి సీసాలో దాచినవి. రోగి ఎప్పుడూ మేడమే. చాప మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, అరచేయి తెరిచి పెట్టేవారు. అరవై దాటిన మనిషి, మమ్మల్నందరినీ నడిపించే మనిషి, అలా ఎండలో పడుకోవడం చూసి మొదట్లో మాకు నవ్వాగేది కాదు.

నర్సు నాకు ఎన్ని గింజలో చెప్పింది. కుర్రాడు ఒక్కొక్కటే మేడమ్ చేతిలో పెడుతున్నాడు. సగంలో చప్పట్లు వినిపించాయి. అందరం కూర్చున్నాం. మళ్లీ చప్పట్లు. లేచాం. నా గడిలో రాసినట్టే నర్సు చెప్పిన లెక్కను చూపించాను. అతని గడిలో రాసినట్టే అతను దాన్ని చూసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. అప్పటికే పెట్టిన గింజల లెక్క ఎవరి గడిలోనూ లేదు. పంపు నడుస్తూనే ఉంది కదా, నర్సు దగ్గరికి రాలేదు. గింజలు పడుతూనే ఉన్నాయి. చివరికి ఒక గింజ చేతిలోంచి జారి డాబా మీద దొర్లుకుంటూ పోయింది.

మేడమ్ కళ్లు తెరవలేదు. "నేను సచ్చిపోయిన. మీలో ఎవరికన్న ఎరుకైందా?"

ఎవరం నవ్వలేదు. "మేడమ్, నా గడిలో రాసిందే చేశానండీ" అన్నాడు కుర్రాడు.

"రాసిందే చేసినవ్ బిడ్డా. అందరు గంతే. ముక్కలల్ల తప్పు లేదు, ముక్కకు ముక్కకు నడుమ ఉన్నది" అన్నారు. ఆ పైన నెమ్మదిగా, "పేషంట్ మాట్లాడది. ఆమె తరఫున మీరే మాట్లాడాలె" అన్నారు.

వారాల తరబడి కంప్యూటర్ ముందు కూర్చున్నా మా కంట పడనిది చాప మీద కళ్లు మూసుకున్న మనిషికి కనిపించింది. పనిలో ఇంత భక్తి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మోడల్ మార్చాం. కరెంటు పోయి వచ్చాక పంపు తనంతట తాను మందు ఎక్కించదు. అప్పటికి ఎంత వెళ్లిందో చూపిస్తూ, నర్సు వచ్చి చూసి నొక్కేదాకా మోగుతూనే ఉంటుంది. నర్సులు విసుక్కుంటారని మార్కెటింగ్ వాళ్లు గోల పెట్టారు. మేడమ్ వాదించలేదు. వాళ్ల మేనేజర్‌ని డాబా మీదికి పిలిచి, చాప మీద పడుకోబెట్టి, పాత పద్ధతిలో గింజలు పెట్టించారు. అరచేయి నిండేసరికి ఆయనే లేచి కూర్చుని, మోగనివ్వండి అన్నాడు.

పోయిన నెల మేడమ్‌ని చూడడానికి ఆసుపత్రికి వెళ్లాను. ఒళ్లంతా నొప్పులని మందు ఎక్కిస్తున్నారు. స్టాండు మీద ఉన్నది మా పంపే. అంతలో ఎవరో పక్క మంచం జరుపుతుంటే ప్లగ్గు ఊడింది. వాడి వాడి అరిగిన బ్యాటరీ, కాసేపటికే చేతులెత్తేసింది. ప్లగ్గు పెట్టగానే స్క్రీన్ వెలిగింది. మందు మాత్రం కదల్లేదు. పంపు మోగడం మొదలైంది.

వార్డు ఆ చివర నుంచి నర్సు వచ్చింది. "గీ పంపొకటి, ప్రతిదానికి పిలుస్తది" అని గొణుక్కుంటూనే, ఎంత వెళ్లిందో, ఇంకెంత మిగిలిందో వేలు పెట్టి చదువుకుని, సరిచూసి నొక్కింది. ఆ విసుగు వింటుంటే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మేడమ్ కళ్లు మూసుకునే ఉన్నారు. పెదవుల మీద చిన్న నవ్వు. దుప్పటి కింద నుంచి చేయి బయటికి తీసి, మెల్లగా అరచేయి తెరిచారు.

"చూడు బిడ్డా, ఎక్కువ ఒచ్చిందా?"

"లేదు మేడమ్. ఎంత రావాలో అంతే వచ్చింది."

తలూపారు. తర్వాత నిద్రపట్టింది. చేయి లోపల పెడదామనుకున్నాను కానీ పెట్టలేకపోయాను. నేను లేచి వచ్చేటప్పుడు కూడా ఆ అరచేయి డాబా మీదిలాగే తెరిచి ఉంది, ఖాళీగా.