ఒక సాలు పక్కకి

పెనుగంచిప్రోలు బేబి కాపీ కొట్టిందని మా లెక్కల సార్ జగన్నాథరావు తేల్చేసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

బేబికి ముప్పై నాలుగేళ్లు. మిరప నాట్లు వేసే ఆడవాళ్ల ముఠాకు మేస్త్రి. చిన్నప్పుడు ఏడో తరగతితో బడి మాన్పించారు. ఓపెన్ టెన్త్ పాసైతే వాళ్ల వీధిలో ఖాళీగా ఉన్న అంగన్‌వాడీ టీచరు పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముప్పై అయిదు దాటితే ఆ దారీ మూసుకుపోతుంది. అందుకే ఆదివారాలు పని మానుకుని, ఆటో ఎక్కి జగ్గయ్యపేటలో మా కోచింగుకు వచ్చేది. నేనక్కడ సోషల్ చెబుతాను.

ఆ వారం పరీక్ష నిరూపక జ్యామితి మీద. గ్రాఫులో రెండేసి చుక్కలుంటాయి. వాటి నిరూపకాలు ఒక గడిలో, వాటి మధ్య దూరం ఇంకో గడిలో రాయాలి. బేబి రాసిన నిరూపకాలన్నీ తప్పు, దూరాలన్నీ ఒప్పు. చుక్కలే తప్పయితే దూరం ఎలా ఒప్పవుతుంది, పక్కదాని పేపర్లో చూసి రాసిందన్నాడు సార్. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి, ఇక క్లాసుకు రావద్దన్నాడు. నాట్లేసుకునేవాళ్లకు ఇవన్నీ ఎందుకని ఒక మాట కూడా విసిరాడు. అడిగే దిక్కులేదనేగా ఆ ధైర్యం.

బేబిని వరండాలోకి తీసుకెళ్లి ఎలా లెక్కపెట్టావని అడిగాను. చేలో లెక్కపెట్టినట్టేనంది. మిరప చేలో అడ్డంగా, నిలువుగా గీతలు లాగి, రెండూ కలిసిన చోటల్లా మొక్క పెడతారు. మొదటి గీత ఒకటో సాలు. గ్రాఫులోనూ అంచు గీతను ఒకటనుకుంది. (3, 2) రాయాల్సిన చోట (4, 3) రాసింది, (6, 6) రాయాల్సిన చోట (7, 7) రాసింది. అంచు గీత గట్టులాంటిది, గట్టు మీద మొక్క ఉండదు కాబట్టి అది సున్నా అని చెప్పాను. ఒక్క మాటతో సరిపోయింది. ఆ ఒక్క మాట చెప్పకుండానే మా సార్ ఆరు వారాలు సూత్రాలు బట్టీ పట్టించాడు.

ఇద్దరం లోపలికి వెళ్లాం. నేను నోరు తెరవబోతే బేబి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"సార్, చుక్కలు తప్పే, ఒప్పుకుంటున్నా. గట్టులాంటి అంచు గీతని సున్నా అనకుండా ఒకటో సాలనుకున్నా. కానీ చేనంతా ఒక సాలు పక్కకి జరిపి నాటామనుకోండి, మొక్కకీ మొక్కకీ మధ్య దూరం మారుద్దాండి?"

సార్ పేపరు వంక చూశాడు, గోడ వంక చూశాడు. పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం బేబి వచ్చి ముందు బల్ల మీద కూర్చుంది. సార్ వెళ్లిపొమ్మనలేదు. తప్పయిందనీ అనలేదు. బోర్డు మీద రెండు గీతలు గీసి, ఇవి గట్లు, ఇక్కడ సున్నా అని పాఠం మొదలుపెట్టాడు. అది ఎవరి దగ్గర నేర్చుకున్నాడో మాత్రం చెప్పలేదు.