ఎర్హూకి పెట్టిన పసుపు బొట్టు

వాన పడబోతోందని మా ఇంట్లో అందరికన్నా ముందు ఎర్హూకి తెలుస్తుంది. కిటికీలోంచి తడిమట్టి వాసన రాకముందే దాని గొంతు బొంగురుపోతుంది. నిన్న సాయంత్రం ఆఫీసు కాల్ ముగించి, ల్యాప్‌టాప్ మూసి, కమాను తీసి ఒక్కసారి లాగానో లేదో జలుబు చేసిన మనిషిలా మూలిగింది. కమానుకి రుద్దిన గుగ్గిలం పొడి వేళ్లకు అంటి, దాని ఘాటు ముక్కుకి తగిలింది. ఆ వాసనతో పాటే నాకు దీన్ని నేర్పిన లియూ మేడమ్ మాటా గుర్తొచ్చింది: "వానకు తోలు వదులైతది. దాన్ని తిట్టకు. జర ఆగు." ఆమె పోయి రెండేళ్లయింది. ఆమె ఆగమంటే నేను ఇప్పటికీ ఆగుతాను.

ఎర్హూ అంటే చైనా వాళ్ల రెండు తీగల వాద్యం. పొడుగాటి కర్ర, దాని అడుగున చిన్న డోలులాంటి పెట్టె, ఆ పెట్టె ముఖానికి బిగించిన తోలు. ఒళ్లో నిలబెట్టుకుని కమానుతో వాయించాలి. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్లలో తప్పులు వెతికి జీతం తీసుకునే గుంటూరు వైపు మనిషికి దీనితో ఏం పని అని మీరు అడగొచ్చు. మా ఆయన ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. పని అమ్మ వల్ల పడింది.

మా అమ్మ పాడేది. కచేరీల పాట కాదు, పేరంటాల్లో మంగళహారతులు, మా కోసం తనే కట్టిన జోలపాట. గొంతులో కేన్సర్ వచ్చి డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద ఎప్పుడూ ఓ పల్చటి గుడ్డ మిగిలాయి. మెడకి ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి కొనిచ్చాం. ఆ మరమనిషి గోల ఒక్క పూట విని అమ్మ దాన్ని బీరువాలో పెట్టేసింది. పలక ఇచ్చాం. ఆమె రెండు ముక్కలు రాసేలోపే ఇంట్లో ఎవరికో ఫోన్ వచ్చేది, ఎవరి కుక్కర్‌కో కూత వచ్చేది. కొన్నాళ్లకి పలక కూడా పక్కన పెట్టేసింది. కొండాపూర్‌లో మా ఫ్లాట్‌లో అమ్మ ఉండేది, అందరం ఆమెను బాగా చూసుకునేవాళ్లం, అంతే.

ఆ ఎండాకాలం తెల్లాపూర్‌లో మా ఆడపడుచు వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు, వాళ్ల కాలనీ క్లబ్‌హౌస్ పక్కనుంచి నడుస్తుంటే లోపల అమ్మ జోలపాట హమ్మింగ్ లాంటిది వినిపించింది. అది అమ్మ పాట కాదు, గొంతూ కాదు. కానీ పాటకి ముందు అమ్మ తీసే ఊపిరి, మాట చివర సన్నగా వణికే జీర అచ్చం అవే. తలుపు తోసుకుని లోపలికి వెళ్తే గోడ మీద 'చైనా సంప్రదాయ సంగీతం, వేసవి శిక్షణ' అని పోస్టర్ అంటించి ఉంది. దాని కింద పొట్టి జుట్టుతో, కాటన్ సల్వార్‌తో ఓ చైనా ఆవిడ కళ్లు మూసుకుని వాయిస్తోంది. ఆగాక నేను ఒక్కో పదం విడదీసి, విదేశీయులతో మాట్లాడే ఆఫీసు ఇంగ్లీషులో, పెద్దవాళ్లు కూడా చేరవచ్చా అని అడిగాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఇంగ్లీషు ఎందుకమ్మా? చేరు. చెప్పులు బయట ఇడిచి రా," అంది.

చైనా ఆవిడ నోట ఆ తెలుగు విని నేను చెప్పులతోనే లోపల నిలబడిపోయాను. ఆమెకది అలవాటే కాబోలు, నవ్వుకుంటూ తన కథ తనే చెప్పింది. వాళ్ల తాత ఎప్పుడో ఈ ఊరొచ్చి కోఠిలో పళ్ల డాక్టరుగా స్థిరపడ్డాడట. తండ్రిదీ అదే పని. ఎర్హూ మాత్రం తాత తెచ్చుకున్నది, ఇంట్లో ఒకరి చేతి నుంచి ఒకరికి వచ్చింది. ఆమె వయసులో ఉన్నప్పుడు చైనా వెళ్లి కొన్నేళ్లు గురువు దగ్గర నేర్చుకుని, ఉండలేక తిరిగొచ్చేసిందట. అక్కడ మిరపకాయ బజ్జీ దొరకలేదని కారణం చెప్పేది. నిజమో వేళాకోళమో నాకు ఎప్పటికీ తేలలేదు.

మొదటి క్లాసులో వాయించనివ్వలేదు. వాద్యాలు పంచి, ఒక్కొక్కరినీ దాని తోలు మీద అరచెయ్యి ఆనించి ఊరికే కూర్చోమంది. నా పక్కన ఇద్దరు పిల్లలు, ఓ రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, ఆయన పక్కన శారద గారని కాలనీలోనే ఉండే ఓ గృహిణి ఉన్నారు. ఇదేదో చైనా వాళ్ల పూజ అనుకుని అందరం బుద్ధిగా కళ్లు మూసుకున్నాం. "నీ చెయ్యి వేడి దానికి తగలాలె. అటెన్క వాయించు," అంటూ ఆమె మా మధ్య తిరిగింది. ఎందుకని ఎవరమూ అడగలేదు. రోజూ క్లాసు అలాగే మొదలయ్యేది.

ఈ వాద్యానికి వేలు నొక్కడానికి వెనక పలక ఉండదు. గాలిలో తీగని తాకి స్వరం వెతుక్కోవాలి. మొదటి వారమంతా నా ఎర్హూ నూనె లేని తలుపులా ఏడ్చింది. ఆఫీసులో నా కింద పదిమంది పనిచేస్తారు, ఇక్కడ ఎనిమిదేళ్ల పిల్ల నన్ను చూసి చెవులు మూసుకుంది. లియూ మేడమ్ మాత్రం సిగ్గుపడితే గొంతు రాదని, సిగ్గు చెప్పులతో పాటు బయటే విడిచి రమ్మని చెప్పింది. చైనా పాట ఒకటి చేతికొచ్చాక, ఇక నీకు ఏది కావాలో చెప్పమంది. నేను అమ్మ జోలపాట కూనిరాగంగా తీశాను. ఆమె ఒక్కసారి విని వాయించేసింది. నా కళ్లలో నీళ్లు చూసి ఏమీ అడగకుండా, వాద్యం ఇంటికి తీసుకెళ్లి సాధన చేసుకోమంది. అది వాళ్ల నాన్న వాయించిన ఎర్హూ.

ఇంటికి తెచ్చి అమ్మ గదిలో కూర్చుని ఆ పాట వాయించాను. మొదట్లో అమ్మ గోడకి ఆనుకుని చూస్తూ ఉంది. రెండో చరణంలో ఆమె చెయ్యి మెడ మీది గుడ్డ మీదికి వెళ్లింది, పెదవులు కదిలాయి. ఆపరేషన్ తర్వాత అమ్మ పెదవులు అలా కదలడం చూడటం అదే మొదలు. నాకు కమాను పట్టు తప్పింది. అయినా ఆపలేదు. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎర్హూ పూజ మందిరంలో, వెండి నాగపడగ పక్కన ఉంది. దాని తోలు మధ్యలో పసుపు బొట్టు, దాని మీద కుంకుమ. ఇంటికి కొత్త వస్తువు వస్తే, అది కారైనా మిక్సీ అయినా అమ్మ బొట్టు పెట్టేది. అలాగే పెట్టిందనుకున్నాను.

తర్వాతి క్లాసుకి అలాగే పట్టుకెళ్లాను. లియూ మేడమ్ బొట్టు చూసి కొత్త పెళ్లికూతురిలా ఉందని మురిసిపోయింది. అంతలో శారద గారు తోలు మీద వేలితో రాస్తూ, "ఈ డిజైన్ ఎంత బాగుందోనండి, తోలు మీద అచ్చు వేస్తారా?" అని అడిగారు.

"అచ్చు ఏంది? కొండచిలువ తోలు అది."

శారద గారు చెయ్యి వెనక్కి లాక్కుని బాత్రూమ్ వైపు పరుగు తీశారు. బ్యాంకు ఆయన వాద్యాన్ని మెల్లగా ఒళ్లోంచి దించి కుర్చీ మీద పెట్టారు. నేను నా ఒళ్లోకి చూసుకున్నాను. ఇన్నాళ్లూ చిన్న చిన్న పలకల ముగ్గులా కనిపించినవి పొలుసులు. ఒక్కసారి తెలిశాక ఇంకేమీ కనిపించలేదు. లియూ మేడమ్ మాకన్నా ఎక్కువ బిత్తరపోయింది. ఇన్ని రోజులు చేతులు పెట్టి కూర్చున్నారు, కళ్ల ముందున్నది కనపడలేదా అని ఒక్కొక్కరి మొహం చూసింది. చెయ్యి ఎందుకు పెట్టమన్నాననుకున్నారు, ఒకప్పుడు ప్రాణమున్నది కాబట్టే కదా అంది.

నా సంగతి వేరు. నా పేరు నాగమణి. అమ్మకి పెళ్లయిన చాన్నాళ్లకి పుట్టలో పాలు పోసి మొక్కుకుంటే పుట్టానని మా ఇంట్లో నమ్మకం. అమ్మ ఇప్పటికీ నాగుల చవితికి ఉపవాసం ఉంటుంది. మా అపార్ట్‌మెంట్ వెనక పుట్ట ఉన్న ఖాళీ స్థలంలో టవర్లు లేచాక, ఇంట్లో వెండి పడగకే పాలు పోస్తోంది. ఆ పడగ పక్కన, చంపి ఒలిచిన పాము తోలు. దానికి అమ్మ చేత్తో బొట్టు. తెలిస్తే అమ్మ ఏమైపోతుంది? ఎర్హూని సంచిలో పెట్టి, క్లాసయ్యాక మేడమ్‌కి ఇవ్వబోయాను. ఇక నేను రానని, ఇది మా ఇంట్లో ఉండకూడదని, అమ్మకి ఏదో ఒకటి చెప్పుకుంటానని అన్నాను.

ఆమె సంచి అందుకోలేదు. "అమ్మను అడిగినవా?"

"అమ్మ మాట్లాడలేదండీ, స్వరపేటిక తీసేశారు."

"మాట్లాడకుంటే అడగొద్దా?"

అన్నంలోకి ఏం వండాలి, డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి, టీవీలో ఏం పెట్టాలి, అన్నీ మేమే ఆలోచించి, మేమే అనుకుని, అమ్మ ముందు పెట్టేవాళ్లం. ప్రేమగానే పెట్టేవాళ్లం. ఆపరేషన్ అయినప్పటి నుంచి అమ్మని చివరిసారి ఏం అడిగానో ఎంత వెతికినా గుర్తు రాలేదు. లియూ మేడమ్ తాళంచెవులు తీసి, కారెక్కమంది.

మా ఇంట్లోకి వచ్చి ఆమె నేరుగా అమ్మ మంచం ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, సంచిలోంచి ఎర్హూ తీసి ఇద్దరి మధ్యా పెట్టింది. "అక్కా, ఇది కొండచిలువ తోలు. మా నాయనది. నీ బిడ్డకు భయమైతున్నది. ఉంచాల్నా, తీస్కపోవాల్నా? నువ్వు చెప్పు," అంది. అంత సూటిగా చెప్పేస్తుందనుకోలేదు. అమ్మ పడిపోతుందేమోనని నేను మంచం దగ్గరికి ఒక అడుగు వేశాను. లియూ మేడమ్ నన్ను చేత్తో ఆపింది. ఆ తర్వాత ఆమె చేసింది ఒక్కటే, ఊరికే కూర్చుంది. పలక ఇవ్వలేదు, తొందర పెట్టలేదు, అమ్మ బదులు తను జవాబు చెప్పలేదు. మా ఇంట్లో ఒక ప్రశ్న అడిగి అంతసేపు ఎవరూ కూర్చోగా నేను చూడలేదు.

అమ్మ వంగి, చూపుడు వేలితో తోలు మీద ఒక్కో పొలుసు అంచునీ నెమ్మదిగా గీసింది. తర్వాత చెయ్యెత్తి పడగలా పట్టి పూజ మందిరం వైపు చూపించింది. ఆ చేత్తోనే తను పెట్టిన బొట్టుని తాకింది. అప్పుడు నా వైపు చూసిన చూపులో ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టుంది. "మొదటి రోజే తెలుసట," అంది లియూ మేడమ్, మెల్లగా. నేనూ వాళ్ల పక్కన నేల మీద కూర్చున్నాను. పాము అని తెలిసే ఆ తల్లి దాన్ని పడగ పక్కన పెట్టుకుంది. తెలిసే పసుపు రాసింది. అమ్మ ఎర్హూ తోలుని చూపించింది, మెడ మీది గుడ్డని చూపించింది. రెండింటి మీదా చేతులు వేసి అలాగే ఉంచి, పెదవులు కదిపింది. నేను మొదటిసారి ఆమె పెదవుల్ని చదివాను.

వాయించు.

ఆ వేసవి శిక్షణ చివరికి నేనూ, ఆ ఎనిమిదేళ్ల పిల్లా మిగిలాం. శారద గారు మళ్లీ రాలేదు. ఆమె తప్పని నేననుకోను, లియూ మేడమ్ కూడా అనుకోలేదు. ఎర్హూని మా ఇంట్లోనే ఉండనిచ్చింది. నెలకోసారి దాన్ని చూడాలనే వంకతో వచ్చి, అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని, గంటసేపు వాళ్లిద్దరూ కబుర్లాడేవాళ్లు. ఒకావిడ మాటలతో, ఇంకో ఆవిడ చేతులతో. వంటింట్లోకి నవ్వు వినిపించేది, అది ఒక్కరి నవ్వే అయినా.

లియూ మేడమ్ పోయిన కబురు నాకు ఆఫీసు మీటింగ్ మధ్యలో తెలిసింది. నిద్రలోనే గుండె ఆగిందట. మొన్ననే మా ఇంట్లో ఉప్మా తిని వెళ్లిన మనిషి. అమ్మకి చెప్పొద్దు, తట్టుకోలేదు అన్నాడు మా ఆయన. అంతకు ముందైతే నేనూ అదే అనేదాన్ని. అమ్మ ముందు కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పి, వస్తావా అని అడిగి, ఆగాను. ఆమె చాలాసేపు గోడ వైపు చూసింది. తర్వాత లేచి చీర మార్చుకుంది. అక్కడ పెట్టెలో పడుకోబెట్టిన లియూ మేడమ్ దగ్గరికి వెళ్లి, మా పద్ధతిలో దండం పెట్టలేదు, వాళ్ల పద్ధతిలో వంగనూ లేదు. చల్లబడిన ఆ చేతుల మీద తన అరచెయ్యి ఆనించి, వేడి తగిలేంతసేపు ఉంచింది. ఆ పద్ధతి అమ్మకి ఎవరూ నేర్పలేదు, నేను రోజూ వాయించే ముందు చేస్తుంటే చూసింది.

నిన్న సాయంత్రం వాన మొదలయ్యాక తోలు మీద చెయ్యి పెట్టి అమ్మ వైపు తిరిగాను. వాయించనా, వాన వెలిసేదాకా ఉండనా అని అడిగాను. అమ్మ కళ్లు మూసుకుని వాన చప్పుడు వింటోంది. లోపల ఫోన్ మోగింది, కుక్కర్ కూత వేసింది. నేను లేవలేదు. అమ్మ పెదవులు కదిలేదాకా అక్కడే కూర్చున్నాను.