పదిహేడో పోర్టు చివర

2008 వేసవిలో నేను నంద్యాలలో, టెలిఫోన్ శాఖ డేటా నెట్‌వర్క్ విభాగానికి సబ్ డివిజనల్ ఇంజనీరుగా ఉన్నాను. ఆళ్లగడ్డ దాకా నా పరిధే. అక్కడి ఒక కాలేజీలో ఇంజనీరింగ్ సీట్ల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కేంద్రం పెట్టారు. కోరుకున్న కాలేజీల పేర్లు నమోదు చేయడానికి ఆఖరి రోజు మధ్యాహ్నం, ల్యాబ్ మొత్తం ఆగిపోయిందని ఫోనొచ్చింది. సాయంత్రానికి సైటు మూసేస్తారు. వెంటనే జీపెక్కాను.

మేడమీది ల్యాబ్‌లో పిల్లలకంటే తల్లిదండ్రులే ఎక్కువున్నారు. ప్రిన్సిపాల్ నన్ను చూడగానే వైరస్సేనా అని అడిగాడు. ఆ రోజుల్లో ఏది ఆగినా నింద వైరస్ మీదకే పోయేది. ఒక కంప్యూటరు అడ్రసు, అంటే నెట్‌వర్కులో దాన్ని గుర్తుపట్టే అంకె, చూశాను. అది అడ్రసులు పంచే మా సర్వరు ఇచ్చింది కాదు.

కంప్యూటరు ఆన్ కాగానే తనకు అడ్రసు ఎవరిస్తారని నెట్‌వర్కంతా వినబడేలా అడుగుతుంది. ముందుగా ఎవరు జవాబిస్తే వాళ్లనే నమ్ముతుంది. ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగి చూడండి. తెలియకపోయినా మర్యాద కొద్దీ ఎవరో ఒకరు చెయ్యి చూపిస్తారు. ఇక్కడా అలాంటి పెద్దమనిషి ఒకడు దూరి, మా సర్వరుకంటే ముందే తప్పు అడ్రసులు పంచుతున్నాడు. ఎవరో ఇంట్లో వాడే రౌటర్ తెచ్చి తగిలించారన్నమాట.

దీనికి మందు, కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్‌లోనే ఉంది. డీహెచ్‌సీపీ స్నూపింగ్ అంటారు. స్విచ్‌కు వైర్లు తగిలించే పోర్టుల్లో సర్వరు వైపున్న ఒక్కదాన్నే నమ్మమని చెబితే, మిగతా పోర్టుల నుంచి అడ్రసు పంచే జవాబు ఏదొచ్చినా స్విచ్ పారేస్తుంది. అది అమర్చి, కంప్యూటర్లన్నీ మళ్లీ ఆన్ చేయించాను. ల్యాబ్ లేచింది. ప్రిన్సిపాల్ టీ తెప్పించాడు.

స్విచ్ పారేస్తున్న జవాబులన్నీ పదిహేడో పోర్టువే. నిబంధన ప్రకారం ఆ పోర్టు మూసేసి, రౌటర్ పెట్టినవారి పేరు రిపోర్టులో రాయాలి. "ఎవరు పెట్టినారో చెప్పండప్పా!" అని ప్రిన్సిపాల్ కేకలేశాడు. ఎవరూ పలకలేదు. నేను మూయబోతుంటే ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ సులోచన దగ్గరికొచ్చి, మెల్లగా, "కింద ఒక పాప కూచోనుంది సార్. ఆ పాపకు ఇంకా నెట్ రాల్యా. ఒక్కసారి వచ్చి చూస్తారా?" అంది.

కింద స్టాఫ్ రూములో ఊతకర్రలు గోడకానించి ఒకమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుంది. పక్కన తండ్రి.

"పొద్దున్నుంచి ఈడనే కూచోనుండాం సారూ. పైన అందర్దీ అయితాందంట. మాదేంది కాల్యా?" అన్నాడు.

మెట్లమీద మోసుకుపోతానంటే కూతురు ఒప్పుకోలేదట. "అంతమంది ముందర నీ వీపెక్కి రాను నాయనా" అందట. పదిహేడో పోర్టు నుంచి ఆ గదికొచ్చే ఒక్క వైరూ సర్టిఫికెట్లు చూసే కంప్యూటరుకుంది. దాన్ని రెండింటికి పంచడానికి సులోచన మధ్యాహ్నం ఇంటికెళ్లి తన రౌటర్ తెచ్చింది. గోడ నుంచి వచ్చే వైరును విడిగా ఉండే రంధ్రంలో పెట్టకుండా, వరుసగా ఉన్న నాలుగింటిలో ఒకదానిలో పెట్టింది. స్నూపింగ్ పైవాళ్లను కాపాడింది గానీ, ఆ రౌటర్‌కే తగిలించిన ఈ కంప్యూటరుకు తప్పు అడ్రసే అందుతోంది.

సులోచన పైన ఎందుకు పలకలేదో అప్పుడర్థమైంది. పలికితే ఆ పిల్ల సంగతి నలుగురిలో చెప్పాలి. దాచిందని తర్వాత బయటపడితే తన కాంట్రాక్టు ఉద్యోగానికి ముప్పని తెలిసీ ఊరుకుంది. ఆమె మీద నాకు కలిగిన అభిమానం ఇంతా అంతా కాదు.

వైరు తీసి సరైన రంధ్రంలో పెట్టాను. కాసేపటికి సైటు తెరుచుకుంది. అమ్మాయి ఒక్కో కాలేజీ పేరూ చూసి చూసి నొక్కుతుంటే తండ్రి "అయిందామ్మా? బిరీన కానీ" అంటూనే ఉన్నాడు. "నువ్వు ఊరికే ఉండు నాయనా" అని కసిరి, చివరి మీట నొక్కి, తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకా పొద్దుంది.

రిపోర్టులో వైరు తప్పు రంధ్రంలో ఉందనీ, సరిచేశాననీ రాశాను. పేరు రాయలేదు.

స్నూపింగ్ అమర్చడం కొద్ది నిమిషాల పని. పోర్టు మూసే ముందు ఆ వైరు వెంట నడిచి, చివర ఎవరున్నారో చూసి రావడం కూడా ఆ పనిలో భాగమేనని, రిటైరయ్యేదాకా నా కింది ఇంజనీర్లకు చెబుతూ వచ్చాను.